సాలతోపు దగ్గర ఎడమకు తిరిగిన బండి

పాత బండి స్టీరింగు చక్రాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ ఆడించి చూడండి. కింద టైర్లు కదలకుండా చేతిలో చక్రం ఎంత మేర తిరిగితే బండిలో అంత ప్లే ఉన్నట్టు. వేలెడు ఉంటే పరవాలేదు. నాలుగు వేళ్ళుంటే ఆ బండి రోడ్డెక్కకూడదు. నేను పనిలో చేరిన మొదటి రోజే మా మిస్త్రీ ఈ మాట చెప్పారు. దాంతోపాటు ఇంకొకటి కూడా చెప్పారు. "ప్లే ఎక్కణ్ణుంచి వస్తోందో తెలిసేదాకా స్క్రూ మీద చెయ్యి వెయ్యకు." మొదటి మాట ఈనాటికీ మరిచిపోలేదు. రెండోది ఒకే ఒక్కసారి మరిచిపోయాను. ఇప్పుడు పనిలోకి వస్తున్న కుర్రాళ్ళు పవర్ స్టీరింగు బళ్ళ మీద నేర్చుకుంటున్నారు, ఆ స్క్రూ ఎలా ఉంటుందో కూడా కొందరికి తెలియదు. అయినా ఈ సంగతి వాళ్ళ కోసమే రాస్తున్నాను.

మాది టెక్కలి వైపు. మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బాయిలర్ల దగ్గర పనిచేసేవాడు. నన్నూ అందులోనే పెట్టాలని ఆయన ఆశ. పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారి రాయడానికి మొహం చెల్లక గోల్ బజారు వెనకున్న ఒక బెంగాలీ మిస్త్రీ గ్యారేజీలో చేరిపోయాను. తర్వాత ఎప్పటికో రైల్వే మోటారు షెడ్డులో ఉద్యోగం వచ్చింది, అక్కడే రిటైరయ్యాను. కానీ పని నేర్చింది, తప్పులు చేసింది అన్నీ ఆ గ్యారేజీలోనే. మిస్త్రీని అందరూ దాదా అనేవాళ్ళం. బక్కపలచని మనిషి. కళ్ళద్దాల కాడ విరిగిపోతే దారం కట్టుకుని తిరిగేవారు. బండి ఏదైనా వస్తే ముందు దాని చుట్టూ రెండుసార్లు నడిచి, ఒక బీడీ కాల్చి, అప్పుడు గానీ పానా అడిగేవారు కాదు. నాకు అది కాలయాపన అనిపించేది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు.

అరవైల చివర్లో ఒక వేసవి. దాదా వాళ్ళ అన్నగారు పోతే కాంథీ దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళారు. గ్యారేజీ నా చేతుల్లో ఉంది. పొద్దున తొమ్మిదింటికి ఒక నల్లటి ఇంగ్లీషు కారు వచ్చి ఆగింది. యుద్ధానికి ముందు కాలంది. దాన్ని నడుపుకుంటూ వచ్చినాయన వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన ఆంగ్లో ఇండియన్. మా వీధుల్లో ఆయన్ని దొర అనేవారు. ఎర్రగా, పొడుగ్గా, అరవై దాటినా నిటారుగా ఉండేవాడు. ఎవరు చేసిన పనీ ఆయనకు నచ్చదని ఊళ్ళో పేరు.

"చక్రంలో ప్లే వచ్చింది. రేపు మధ్యాహ్నం ఝాడ్‌గ్రామ్ వెళ్ళాలి. మేమ్‌సాబ్ వాళ్ళ చెల్లెలింట్లో ఉంది, తీసుకురావాలి. ఈరోజే కావాలి," అన్నాడు హిందీలో.

చక్రం ఆడించి చూశాను. మూడు వేళ్ళ ప్లే ఉంది. పద్ధతి ప్రకారమైతే ముందు చక్రాలను జాకీ మీద లేపాలి. ఒక్కొక్క జాయింటూ చేత్తో పట్టుకుని, ఇంకొకరి చేత స్టీరింగు చక్రం తిప్పించి, ఎక్కడ కదలిక పోతోందో చూడాలి. సగం రోజు పని. నేను బానెట్ ఎత్తి స్టీరింగు పెట్టె మీదున్న స్క్రూ చూశాను. దాన్ని బిగిస్తే ప్లే పోతుంది. స్క్రూ కదలకుండా పట్టి ఉంచే లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ ముప్పావు చుట్టు బిగించి, మళ్ళీ లాక్ నట్టు పానా మీద పిడికిలితో గుద్ది మరీ బిగించాను. పావుగంటలో అయిపోయింది. ప్లే మాయమైంది.

దొర చక్రం ఆడించి చూసుకున్నాడు. నా కళ్ళలోకి చూసి, "చక్రాలు లేపి చూశావా?" అని అడిగాడు.

"చూశాను సాబ్," అన్నాను.

అది అబద్ధం. ఇన్నేళ్ళ పనిలో నేను చిన్నా పెద్దా అబద్ధాలు చాలానే చెప్పి ఉంటాను. గుర్తున్నది అదొక్కటే.

ఇక్కడ ఒక్క విషయం వివరంగా చెప్పాలి. బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి స్టీరింగు పెట్టె లోపల అరుగుదల నడిమధ్యనే ఎక్కువ. ఆ అరిగినచోట వదులు పోయేదాకా స్క్రూ బిగిస్తే, అరగని పక్కల దగ్గర అది గట్టిగా పట్టేస్తుంది. ఊళ్ళో తిన్నని రోడ్డు మీద ఏమీ తెలియదు. మలుపుల దారిలో మాత్రం చక్రం తిప్పడానికి భుజాలు నొప్పెడతాయి. తిప్పాక అది తనంతట తాను వెనక్కి రాదు, బలవంతంగా లాక్కోవాలి. ఇదంతా నాకు ఆరోజు తెలియక కాదు. తొందరలో పట్టించుకోలేదు.

మర్నాటి సాయంత్రానికే కబురు వచ్చింది. ఝాడ్‌గ్రామ్ రోడ్డులో సాలతోపు దగ్గర దొర కారులో చనిపోయి ఉన్నాడని. ఆకులేరుకునే ఆడవాళ్ళు ముందు చూశారట. చక్రం ముందు కూర్చునే ఉన్నాడట. నిద్రపోతున్నాడనుకుని, లేపితే కోప్పడతాడేమోనని చాలాసేపు దూరంగానే కూర్చున్నారట. బండి రోడ్డు ఎడమ అంచు దిగి చెట్ల నీడలో ఉందట. డాక్టరు గుండె ఆగిందన్నాడు. ఊరంతా ఆ మాటే నమ్మింది.

నేను నమ్మలేదు. నా కళ్ళకు వేరేది కనిపించేది. మలుపు దగ్గర చక్రం తిప్పాడు, అది పట్టేసింది, వెనక్కి రాలేదు, బండి రోడ్డు దిగిపోయింది, ఆ భయానికి గుండె ఆగింది. రాత్రీ పగలూ అదే. దాదా ఊరినుంచి వచ్చాక చెబుదామనుకుని నోరు తెరిచాను. వేరే ఏదో అడిగి మూసేశాను. అంత్యక్రియల రోజు సిమెట్రీ గోడ బయట సైకిలు పట్టుకుని నిలబడి, పాట వినపడగానే ఎక్కి వెళ్ళిపోయాను.

బండి ఆ ఇంటి షెడ్డులో పడి ఉంది. వర్షాలు వెళ్ళాక మేమ్‌సాబ్ ఒక డ్రైవరును పెట్టుకుంది. ఆయన మా వీధివాడే, ఇచ్ఛాపురం మనిషి. యుద్ధంలో మిలటరీ లారీలు నడిపాడు. నాకు చుట్టం కాదు గానీ చిన్నప్పట్నుంచీ మావా అనే పిలిచేవాణ్ణి. ప్రతి గురువారం మధ్యాహ్నం మేమ్‌సాబ్‌ని ఝాడ్‌గ్రామ్‌లో చెల్లెలింటికి తీసుకెళ్ళి, మర్నాడు తీసుకొచ్చేవాడు. నాలుగు వారాలు గడిచాక ఒకరోజు గ్యారేజీకి వచ్చి నన్ను పక్కకు పిలిచాడు.

"అల్లుడూ, బండి దానంతటదే తిరుగుతందిరా," అన్నాడు.

"ఏటి మావా, పొద్దున్నే ఏసుకున్నావేటి?"

"నోరుముయ్యి. అమ్మోరి మీద ఒట్టు, సుక్క ముట్టుకోనేదు. సాలతోపు కాడ మలుపు దాటినాక రోడ్డు తిన్నగా ఉంటాది సూడు. అక్కడ. నాను తిన్నగానే పట్టుకుంటాను. సక్రం నా సేతిలోనే ఎడంపక్కకి పోతాది. నా ఎనకనించి ఎవులో సేతులు సాపి తిప్పినట్టు."

"మిగిలిన సోట్ల తిరగదా?"

"తిరగదు. అక్కడే. దొర సచ్చిపోయిన కాడే."

"వదులుగా ఉన్న బండి, రోడ్డు వాలుగా ఉంటాది, మరేటి నేదు," అన్నాను.

మావ వెళ్ళలేదు. గొంతు తగ్గించాడు. "ఇంకోటి సెప్తాను, నవ్వకు. ఆ సోటు వొచ్చే ముందర ఆయమ్మ ఎనకాల సీటులో పక్కకి జరుగుతాది. అద్దంలో సూసినాను. కుడిపక్కన కూకున్న మనిషి ఎడంపక్కకి జరిగి, గౌను సర్దుకుని, ఎవరికో సోటిస్తాది. మరింక ఝాడ్‌గ్రామ్ దాకా అలగే ఓ వారకి కూకుంటాది. మెల్లగా మాటాడతాది కూడాను. ఇంగిలీసులో. నాతో కాదు."

"నీకెలగ తెలుసు నీతో కాదని?"

"మాటాడేసి నవ్వుతాదిరా. అవతల మనిషి ఏటో సెప్పినట్టు."

నాకు కుదరదని పంపేశాను. తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చాడు. ఒకసారి పని ఉందన్నాను, ఇంకోసారి దాదా ఒప్పుకోరన్నాను. అడిగితే కదా ఒప్పుకోవడమో మానడమో! ఆ బండి వీధిలో కనిపిస్తే పక్క సందులోకి తిరిగిపోయేవాణ్ణి.

ఫాల్గుణం వెళ్ళే రోజుల్లో ఒక శుక్రవారం మావ నాలుగోసారి వచ్చాడు. క్రితం రోజు అదే చోట చక్రం ఎడమకు తిరిగితే గట్టిగా కుడికి లాగాడట. బండి ఒక్కసారిగా కుడికి దూకిందట. ఎదురుగా ఝాడ్‌గ్రామ్ బస్సు. బస్సు డ్రైవరు మట్టిలోకి దింపేశాడు కాబట్టి బతికారు.

"బస్సులో జనం దిగి నన్ను తాగుబోతనీసినారురా. ఇరవై ఏళ్ళు లారీ తోలినాను, ఒక్క కోడిపిల్ల సావనేదు నా సేతిలో. ఆయమ్మకి సెప్దునా? ఏటని సెప్పాల? మీ ఆయన తిప్పతన్నాడని సెప్పాలేటి? మానీదునా? మానేస్తే తాగుబోతు అని ఖాయం సేసీసినట్టే. నువ్వు రా, అల్లుడూ. ఒక్కసారి నీ కళ్ళతో సూడు."

ఆ మాటకు ఇంక తప్పించుకోలేకపోయాను. వచ్చే గురువారం సెలవు కావాలని దాదాను అడిగాను. ఎందుకని అడిగితే దొర బండి పేరు చెప్పాను. దాదా కళ్ళద్దాల పైనుంచి చాలాసేపు చూశారు.

"వెళ్ళు. చూసింది చెప్పు. అనుకున్నది చెప్పకు," అన్నారు.

గురువారం ఒంటిగంటకు ఆ ఇంటికి వెళ్ళాను. బయల్దేరే ముందు చక్రం ఆడించి చూశాను. నాలుగు వేళ్ళ ప్లే. నేను అసలు ప్లే లేకుండా బిగించిన బండి. ఏడాది కూడా కాలేదు, అందులో సగం కాలం షెడ్డులోనే ఉంది. ఇంత వదులు ఎలా వచ్చింది? బానెట్ ఎత్తబోతుంటే మేమ్‌సాబ్ వచ్చేసింది. సన్నటి మనిషి, బూడిదరంగు గౌను, చేతిలో గొడుగు.

"మిస్త్రీ, మేమ్‌సాబ్. బండి సూడ్డానికి వొస్తానన్నాడు," అని మావ తన హిందీలో చెప్పాడు.

ఆమె నన్నొకసారి చూసి, ముందు సీటులో కూర్చోమంది.

ఊరు దాటాక ఎర్రమట్టి మొదలవుతుంది. ఆ వేళప్పుడు రోడ్డు మీద మనిషి లేడు. ఎండ తెల్లగా కళ్ళల్లో గుచ్చుకుంటోంది. సాలచెట్లు పాత ఆకు రాల్చేసి పూతమీద ఉన్నాయి. ఆ వాసన అద్దాల్లోంచి లోపలికి కొడుతోంది. కీచురాళ్ళు ఒకటే మోత. మావ చెమట తుడుచుకోవడం కూడా మానేసి రెండు చేతులా చక్రం పట్టుకున్నాడు. నేను ఒక కన్ను ఆ చేతుల మీదా, ఒక కన్ను అద్దం మీదా పెట్టి కూర్చున్నాను.

మలుపు తిరిగాం. వెనక సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. అద్దంలో చూశాను. మేమ్‌సాబ్ ఎడమ పక్కకు జరిగింది. గౌను కుచ్చిళ్ళు దగ్గరకు తీసుకుంది. తన కుడిపక్కన ఖాళీ అయిన చోటు మీద అరచేయి ఒకసారి ఆనించి తీసింది.

"సూడు," అన్నాడు మావ, పెదవులు కదపకుండా.

ఆయన వేళ్ళు సడలించాడు. చక్రం కదిలింది. గుంత తగిలి ఎగిరినట్టు కాదు, గాలికి ఊగినట్టూ కాదు. నిదానంగా, తొందర లేకుండా, నాలుగు వేళ్ళ మేర ఎడమకు వెళ్ళింది. తెలిసిన మనిషి ఇంటి గేటులోకి బండి తిప్పినట్టు తిప్పింది. ఎడమ టైర్లు మట్టిలోకి దిగాయి. మావ బ్రేకు తొక్కాడు. బండి చెట్ల నీడలో ఆగింది. ఇంజను కూడా ఆగిపోయింది. కీచురాళ్ళ మోత అప్పుడే ఆగిందో, నాకే వినపడలేదో చెప్పలేను.

"ఇక్కడే," అంది వెనకనుంచి మేమ్‌సాబ్.

నేను దిగిపోయాను. లోపల కూర్చోలేక దిగాను, పని చేద్దామని కాదు. కానీ దిగాక చేతులకు ఏదో పని కావాలి కదా. బానెట్ ఎత్తాను. స్టీరింగు పెట్టె మీద చెయ్యి పెట్టాను. నా వేలు తగిలి లాక్ నట్టు తిరిగింది.

ఉట్టి వేలికి తిరిగింది. పిడికిలితో గుద్ది బిగించిన నట్టు. వంగి చూశాను. దాని మూలలు నలిగి ఉన్నాయి. సైజు సరిపోని పానాతో తిప్పితే అలా నలుగుతాయి. నేను వాడింది సరైన పానా. కింద స్క్రూ కూడా నేను బిగించినచోట లేదు. ఒక చుట్టుకు పైగా వెనక్కి వచ్చేసి ఉంది.

"మావా, నువ్వు ఇది ముట్టుకున్నావా?"

"నానేటి, అదేటో కూడా నాకు తెల్దు."

"ఇంకెవులైనా?"

"ఈ బండి షెడ్డులోంచి నానే తీసినాను, నానే పెడతన్నాను."

అంటే నాకూ మావకూ మధ్యలో దీన్ని ముట్టుకున్నవాడు ఒక్కడే. ఇంతలో గొడుగు నీడ నా చేతుల మీద పడింది. మేమ్‌సాబ్ దిగి వచ్చింది.

"ఏం చూశావు?" అని అడిగింది.

చూసింది చెప్పమన్న దాదా మాట అప్పుడు గుర్తుకు రాకపోతే ఏం చేసేవాణ్ణో. అంతా చెప్పేశాను. దొర పోయే ముందు రోజు బండి నా దగ్గరకే తెచ్చాడని, చక్రాలు లేపి చూడకుండానే చూశానని చెప్పానని, స్క్రూ అతిగా బిగించానని, మలుపుల్లో చక్రం పట్టేసి ఉంటుందని. నా హిందీ మధ్యలో తెగిపోయింది. సగం తెలుగులో చెప్పాను. మావ పక్కన నిలబడి మిగిలింది చెప్పాడు. చెబుతూ నావైపు చూడలేదు.

ఆమె గొడుగు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. తర్వాత అంది, "హ్యాండ్ బ్రేక్ లాగి ఉంది."

నాకు అర్థం కాలేదు.

"ఆరోజు. బండి రోడ్డు దిగిపోలేదు. ఆయనే ఆపాడు. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంది, ఇంజను ఆపి ఉంది. ఒళ్ళో పానా ఉంది. రేడియేటరులో నీళ్ళు నిండుగా ఉన్నాయి. హ్యాండిలు ఒక్కసారి తిప్పగానే బండి స్టార్టయిందని ఇంటికి తెచ్చినవాళ్ళు చెప్పారు. అలాంటప్పుడు ఎందుకు ఆపాడు? టీ కోసం కూడా దారిలో ఎక్కడా ఆపని మనిషి. అక్కడ వరండాలో నేను ఎదురుచూస్తున్నాను. ఇక్కడ ఏముందని ఆపాడు? పది నెలలుగా అడుగుతున్నాను. ప్రతి వారం వచ్చి ఆయన్నే అడుగుతున్నాను."

నేను నట్టు చూపించాను. నలిగిన మూలలు చూపించాను. దారిలో చక్రం బరువెక్కి ఉంటుంది, తప్పెక్కడో ఆయనకు తెలిసిపోయి ఉంటుంది, దిగి, బానెట్ ఎత్తి, నేను బిగించింది ఆయన వదులు చేశాడు. లాక్ నట్టు మాత్రం మళ్ళీ బిగించలేదు. బానెట్ మూసి, ఎండలోంచి వచ్చి సీటులో కూర్చున్నాడు. అది బిగించలేదు కాబట్టే అప్పట్నుంచీ స్క్రూ కొద్దికొద్దిగా వెనక్కి వస్తోంది. అందుకే చక్రం తిరుగుతోంది.

"నేను సరిగ్గా చేసి ఉంటే ఆయన ఈ ఎండలో దిగేవాడు కాదు, మేమ్‌సాబ్," అన్నాను.

ఆమె నట్టు మీద వేలు పెట్టి అటూ ఇటూ తిప్పింది. అంత తేలిగ్గా తిరుగుతున్నందుకు ఆశ్చర్యపోయినట్టుంది. ఆమె నన్ను తిడుతుందని ఎదురు చూశాను. కొడుతుందని కూడా అనుకున్నాను.

"ఈ పది నెలలూ నేనేమనుకున్నానో తెలుసా? నొప్పి వచ్చి ఇక్కడ ఆపాడని. ఒక్కడే కూర్చుని నన్ను పిలిచాడని. పిలుస్తూ ఉన్నాడని, నాకు వినపడలేదని," అంది. "నన్ను పిలుస్తూ పోలేదన్నమాట. నిన్ను తిడుతూ పోయాడు."

ఆమె నవ్వింది. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నవ్వుతూనే ఉంది. నాకు మాత్రం ఆ చెట్ల మధ్య మగగొంతు ఒకటి నన్ను తిడుతున్నట్టే అనిపించి తల ఎత్తలేదు.

నా దగ్గరున్న పానాతో అక్కడికక్కడ బిగించేద్దామనుకున్నాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"బిగిస్తే ఇక్కడ చక్రం తిరగదా?"

"తిరగదు."

"అయితే ఇప్పుడు వద్దు," అంది.

మావకు నెత్తి కొట్టుకోవాలనిపించి ఉంటుంది. బండి అలా నడపడం ప్రమాదమని ఎంత చెప్పినా ఆమె వినలేదు. చివరికి అక్కడినుంచే వెనక్కి తిరిగి, ఊరు చేరేదాకా నడక వేగంతో నడిపే షరతు మీద మావ ఒప్పుకున్నాడు. ఆ తర్వాత మూడు వారాలు బండి షెడ్డులోంచి కదల్లేదు. ఆమె ఝాడ్‌గ్రామ్ కూడా వెళ్ళలేదు.

ఆ సాయంత్రమే దాదాకు కూడా అంతా చెప్పాను. విని బీడీ ముట్టించుకున్నారు. "నేను ఊరినుంచి వచ్చినప్పట్నుంచీ నువ్వు ప్రతి బండినీ మూడుసార్లు జాకీ మీద లేపుతున్నావు. ఎవరి బండి వల్ల అని మాత్రం నాకు తెలియలేదు," అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

నాలుగో వారం మావ బండి తెచ్చాడు. మేమ్‌సాబ్ కూడా వచ్చింది. దాదా బండి చుట్టూ రెండుసార్లు నడిచారు. ముందు చక్రాలు లేపించారు. నన్ను కింద పడుకోబెట్టి ఒక్కొక్క జాయింటూ పట్టుకోమని, తను స్టీరింగు చక్రం ఆడించారు. స్టీరింగు పెట్టెనుంచి చక్రాలకు వెళ్ళే కడ్డీ చివర ఉన్న గుండు జాయింటు నా అరచేతిలో టక్ టక్ మని కొట్టుకుంది. దొర మొదట తెచ్చిన ప్లే అక్కడిది. పెట్టెలో అప్పుడు తప్పే లేదు, నేను బిగించాక చక్రం బిర్రెక్కి ఆ వదులు చేతికి తెలియలేదంతే. ఏ తప్పూ లేనిదాన్ని పట్టుకుని బిగించి, నేను కొత్త తప్పు పుట్టించాను. జాయింటు మార్చాం. తర్వాత కడ్డీ విడదీసి, చక్రం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిప్పుతూ, ఎక్కడా పట్టకుండా స్క్రూ సరిచేశాం. చేతిలో వేలెడు ప్లే ఉంచాం. అది ఉండాల్సిందే.

లాక్ నట్టు ఒక్కటే మిగిలింది. నేను పానా తీసుకుంటుంటే మేమ్‌సాబ్ సంచీలోంచి ఒకటి తీసింది. వర్క్‌షాపు పానా, పాతది. దొర ఒళ్ళో దొరికింది. నట్టుకు కొంచెం పెద్దది. సరిపోదని చెప్పబోతే దాదా నా భుజం మీద చెయ్యి వేశారు. స్క్రూ కదలకుండా నేను పట్టుకున్నాను. ఆమె రెండు చేతులతో బిగించింది. జారింది. మళ్ళీ బిగించింది. ఆ వయసులో ఆ సన్నటి చేతులకు అంత బలం ఎక్కడిదో, తర్వాత నేను సరైన పానాతో పరీక్షించి చూస్తే ఇంక వెంట్రుకవాసి కూడా తిరగలేదు.

ఆమె చేతులు కడుక్కుంటుంటే దాదాను మెల్లగా అడిగాను. "వదులుగా ఉన్న బండి వాలు రోడ్డు మీద ఎడమకు పోతుంది, సరే. ఆ దారిలో అలాంటి వాలు ఇంకో రెండు చోట్ల ఉంది దాదా. అక్కడ ఎందుకు తిరగలేదు?"

దాదా కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "ఆ రెండు చోట్లా ఆమె పక్కకు జరగదుగా," అన్నారు. ఆమె బరువు గురించి అన్నారో, ఇంకేం ఉద్దేశంతో అన్నారో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నలభై ఏళ్ళు బళ్ళ కింద పడుకున్నాక ఇప్పుడు ఒక మాట చెప్పగలను. మనం బిగించిన ప్రతి నట్టు వెనకా ఒక మనిషి కూర్చుని ఎక్కడికో వెళ్తుంటాడు. ఎవరో ఒకరు ఆ చివర వరండాలో ఎదురుచూస్తుంటారు. చూశావా అని అడిగితే, చూడకపోతే చూడలేదని చెప్పండి. తిడతారు. బతికుండి తిట్టించుకోవడం ఎంత సుఖమో నాకు తెలుసు.

బండి బాగుచేసిన వారమే, గురువారం మధ్యాహ్నం నన్ను కూడా రమ్మంది మేమ్‌సాబ్. మళ్ళీ అదే ఎండ, అదే ఎర్రమట్టి. సాలచెట్లకు లేతాకు వచ్చేసింది. మలుపు తిరిగాం. వెనక స్ప్రింగులు కిర్రుమంటాయని ఎదురుచూశాను. చప్పుడు లేదు. తిన్నని రోడ్డు మొదలైంది. మావ నావైపు ఒక్కసారి చూసి, చక్రం మీంచి రెండు చేతులూ అంగుళం ఎత్తాడు.

చక్రం కదల్లేదు. చెట్లు మా ఎడమ పక్కనుంచి ఒక్కొక్కటీ వెనక్కి పోయాయి. తోపు అయిపోయింది. మావ చేతులు దించి చక్రం పట్టుకున్నాడు. మరో మైలు దూరం పోయాం. అప్పుడు వెనకనుంచి మేమ్‌సాబ్ తనలో తాను అనుకున్నట్టు అంది, "సీధా చలా గయా."

తిన్నగా వెళ్ళిపోయాడని దానర్థం. హిందీలో బండిని ఆడదానిలా చెబుతారు. బండి గురించైతే "సీధీ చలీ గయీ" అనాలి. అయితే రైల్వే ఆంగ్లో ఇండియన్ల హిందీలో ఆడామగా తేడా పెద్దగా ఉండదు. వంటావిడ వచ్చినా వచ్చాడనే అంటారు. కాబట్టి బండి గురించే అని ఉండొచ్చు.

ఝాడ్‌గ్రామ్‌లో ఆమె దిగి, గొడుగు ముడుచుకుని చెల్లెలింట్లోకి వెళ్ళాక మావ అడిగాడు.

"దారిలో ఆయమ్మ ఏటన్నాదిరా, అల్లుడూ?"

"తిన్నగా ఎల్లిపోయింది అన్నాది, మావా. బండి సంగతి."

మావ అద్దంలోంచి వెనక సీటు కేసి చూశాడు.

"నాకు ఎల్లిపోయినాడు అని ఇనపడ్డాదిరా," అన్నాడు.